మిల్లు మెట్ల మీద తడి పాదాలు

చీకటి పడ్డాక పాత మిల్లు మెట్ల వైపు వెళ్లకండి — ఆ ఊళ్లో బస్సు దిగినవాళ్లకి ముందుగా వినబడే మాట ఇదే. టీ కొట్టువాడూ చెబుతాడు, లాడ్జి ఓనరూ చెబుతాడు. చెప్పి ఊరుకోరు, "వెళ్లాలనుంటే మాత్రం గైడుతో వెళ్లండి" అని కూడా అంటారు.

మూతపడ్డ నూలు మిల్లు అది. వెనకవైపు రాతి మెట్లు కాలవలోకి దిగుతాయి. రాత్రిపూట ఆ మెట్ల మీద తడి పాదాలు కనబడతాయట... నీళ్లలోంచి ఒక్కో మెట్టే ఎక్కుతాయట... పై మెట్టు దాకా వచ్చి, అక్కడ ఆగిపోతాయట.

మిల్లులో పనిచేసిన పిల్లట. ఎవరినో ప్రేమించి, ఇంట్లో చెప్పుకోలేక కాలవలో దూకిందట. ఇప్పటికీ ఆ అబ్బాయి కోసం వస్తుందట.

ఈ కథంతా గైడు పుట్టించిందే.

పాపం, మొదట్లో అతను బుద్ధిగా చరిత్రే చెప్పేవాడు. మిల్లు ఎవరు కట్టించారు, యంత్రాలు పడవల మీద ఎలా వచ్చాయి, బజారులో గడియారం ఏ గాలివానకి ఆగిపోయింది... జనం ఆవులించేవాళ్లు. ఒకరోజు విసుగెత్తి, దెయ్యం కూడా ఉందన్నాడు. అంతే, ఊరి దశ తిరిగింది. లాడ్జికి రంగులు పడ్డాయి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు, ఊరిని నిలబెట్టడానికి ఒక్కటి ఆడితే తప్పేమిటి అనుకున్నాడు.

కానీ కాలవలో పోయిన పిల్ల మాత్రం నిజం. నూలు కడుగుతూ నాచు మీద కాలు జారింది. ప్రేమా గీమా ఏమీ లేవు. ఆ సంగతి గైడుకి తెలుసు. తల్లి ఎప్పుడో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది, ఇక అడిగేదెవరు?

పాదాలు కూడా అతని పనే. తన కూతురి కాలి కొలత ఇచ్చి, వడ్రంగి చేత చెక్క పాదాలు చెక్కించాడు. జనాన్ని తీసుకొచ్చే ముందు వాటిని కాలవలో ముంచి మెట్ల మీద ఒత్తేవాడు.

ఈ మధ్యే ఒక వింత మొదలైంది. ఒత్తిన పాదాలు ఉండటం లేదు! గడియారం దగ్గరున్న జనాన్ని వెంటబెట్టుకుని వచ్చేలోగా మాయం. గాలికి ఆరాయనుకుందామంటే, మెట్ల మీద పడ్డ మంచు తడి పక్కనే అలాగే ఉంది. పాదాలు మాత్రమే పోతున్నాయి.

ఆ రాత్రి పాదాలు ఒత్తి, వెళ్లినట్టే వెళ్లి, బాయిలర్ గది తలుపు చాటున నక్కాడు. భుజాన సంచిలో చెక్క పాదాలు. సంచిలోంచి నీళ్లు... చుక్క... చుక్క... అతని కాలి మీద.

కప్పల అరుపు ఆగిపోయింది.

పై మెట్టు మీద ఏదో తెల్లగా కదిలింది. వంగింది. ఒక మెట్టు దిగింది... మళ్లీ వంగింది...

గైడు పై ప్రాణాలు పైనే పోయాయి. నలుగురికీ భయం పంచి బతికే మనిషి, తన దాకా వచ్చేసరికి తలుపుని కరుచుకుపోయాడు. సంచి జారి దబ్బున పడింది.

"ఎవరు నాయనా?"

ముసలి గొంతు. టార్చి వేశాడు. దారం పెద్దమ్మ! మిల్లులో అందరూ అలాగే పిలిచేవాళ్లు. చనిపోయిన పిల్ల తల్లి. చేతిలో తెల్లటి తువ్వాలు.

"గట్టిగా మాట్లాడకు" అంది గుసగుసగా. "ఇప్పుడే వచ్చి వెళ్లింది. తడి ఇంకా ఆరలేదు."

"మీరు... ఎప్పుడొచ్చారు పెద్దమ్మా?"

"మా అమ్మాయి ఎవరో అబ్బాయి కోసం ఇక్కడికొస్తోందని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. విని కొడుకింట్లో ఎలా కూర్చోను? రోజూ కాస్తలో తప్పిపోతోంది. తడి కాళ్లతో తిరుగుతోంది నాయనా, ఈ చలిలో... తుడుద్దామంటే కాళ్లు దొరకవు. మెట్లయినా తుడుస్తున్నాను." తువ్వాలు గుండెకి అదుముకుంది. "పాదాలు చూశావా, ఎంత చిక్కిపోయాయో? మళ్లీ చిన్నపిల్లవైపోయాయి."

గైడు కిందపడ్డ సంచిని కాలితో వెనక్కి నెట్టాడు.

"ఒక్కటి చెప్పు. ఆ అబ్బాయెవరు? ఇన్నేళ్లూ కాలు జారిందనే అనుకున్నాను. నాతో చెబితే కాదంటానా? చెప్పుకోలేక దూకేంత రాక్షసినా నేను?"

అతనికి సిగ్గుతో చచ్చినంత పనయింది. అబ్బాయి అబద్ధమంటే, పాదాలూ అబద్ధమని తెలిసిపోతుంది. రోజూ వచ్చే కూతురు ఇక రాదు. చెప్పకపోతే, చెయ్యని పాపాన్ని ఈ తల్లి చచ్చేదాకా మోస్తుంది.

సంచి విప్పాడు. చెక్క పాదాలు తీసి ఆమె ముందు పెట్టాడు.

"అబ్బాయెవరూ లేడు పెద్దమ్మా. మీ అమ్మాయి కాలు జారే పోయింది. మీ తప్పేం లేదు. ఇదంతా... నేనే."

ఆమె వాటిని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. వేళ్లు ఒక్కొక్కటే తడిమింది. తిడుతుందని చూశాడు, కొడుతుందని చూశాడు. కొట్టినా బాగుండేది.

చిటికెన వేలి దగ్గర ఆగి అడిగింది, "ఎవరి కొలత?"

"మా అమ్మాయిది."

ఆమె ఆ పాదాల్ని ఒళ్లో పెట్టుకుంది. తువ్వాలుతో మడమలు తుడిచింది, వేళ్ల సందులు తుడిచింది. చెమ్మ లేకుండా ఒత్తి, అతని చేతికిచ్చింది.

"పిల్ల కాళ్లు తడిగా ఉంచకు నాయనా" అంది. "జారతాయి."