తొమ్మిదో గడి

వానలో నా దారాల దుకాణానికి వచ్చేవాళ్లని నేను రెండు రకాలుగా విడదీస్తాను. కొనడానికి వచ్చేవాళ్లు గొడుగు బయటే దులుపుతారు. తలదాచుకోవడానికి వచ్చేవాళ్లు లోపలికొచ్చి దులుపుతారు. ఆ శనివారం మధ్యాహ్నం రెండున్నరకి వచ్చిన అమ్మాయి నా లెక్క తప్పించింది. తడి గొడుగు తెచ్చి సరాసరి తెల్లనూలు లచ్చిలున్న బుట్టలో గుచ్చి, అద్దాల కిటికీ వైపు వేలు చూపించింది.

“అది చేత్తో అల్లిందా, మిషన్ మీద చేసిందా?”

“ముందు ఆ గొడుగు తియ్యండి.”

“ముందు జవాబు చెప్పండి.”

“చేత్తో అల్లిందే. క్రోషే మిషన్ మీద రాదండీ. వస్తే మాలాంటివాళ్లు ఎప్పుడో తలుపులు మూసుకునేవాళ్లం.”

అప్పుడు గొడుగు తీసింది. నేను కిటికీలోంచి ఆ తలపట్టీ తీసి చేతికిచ్చాను. గ్రానీ స్క్వేర్ అంటారే, మధ్యలో మొదలుపెట్టి చుట్టూ అల్లుకుంటూ పోతే నాలుగు మూలలతో వచ్చే చిన్న గడి, అలాంటి గళ్లని వరసగా కలిపిన పట్టీ అది. ఒక్కో గడి మధ్యలో రేకులు విచ్చుకున్న పువ్వు ఉంటుంది.

ఆ అమ్మాయి పట్టీని వెనక్కి తిప్పింది. దారపు కొసలు ఎక్కడ దాచారో గోటితో వెతికింది. ముందు వైపు మాత్రమే చూసేవాళ్లు బేరమాడి పోతారు. వెనక వైపు చూసేవాళ్లు కొంటారు. నాకు ధైర్యం వచ్చింది.

“ఎవరు అల్లారు?”

“మా మేనత్త.”

నాకు మేనత్త లేదు. అల్లింది నేను. అమ్మ బతికున్న రోజుల్లో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. దుకాణం మేడ మీద ఉండే నాన్నకి మాత్రం నచ్చేది కాదు. ‘సరుకు మీద మనసు పడితే ధర చెప్పడానికి నోరు రాదురా,’ అనేవాడు. పైగా మగవాడు అల్లాడంటే జనం ముందు నవ్వుతారు, తర్వాత బేరమాడతారు. మేనత్త అల్లిందంటే నవ్వరు. అందుకని మూడేళ్ల కిందట ఒక మేనత్తని పుట్టించాను. ఆవిడ వల్ల అప్పటిదాకా నాకు నష్టమేమీ రాలేదు.

ఆ అమ్మాయి ఎదుటి వరసలో ఉన్న బ్యూటీ పార్లర్‌లో జుట్టు పని చేస్తుందట. మనసులో ‘కత్తెర’ అని పేరు పెట్టుకున్నాను.

“రేపు కాక పై ఆదివారం మా అక్క పెళ్లి,” అంది కత్తెర. “దానికి పువ్వులు పడవు. తలలో పెడితే చాలు, తుమ్ములే. మొన్న ఫొటోలకని పెడితే పదకొండు సార్లు తుమ్మింది. ఒక్క ఫొటోలోనూ కళ్లు తెరిచి లేదు.”

“ప్లాస్టిక్ పువ్వులు దొరుకుతాయిగా?”

“మా అక్క పెళ్లి చేస్తున్నామండీ, షోరూం తెరవడం లేదు.” కొంచెం ఆగి, గొంతు తగ్గించింది. “ఊళ్లో పెళ్లికూతుళ్లందరి ముడులూ నేను వేస్తాను. మా అక్క తల బోసిగా ఉంటే ఇంక నేనెందుకు?”

ఏం కావాలో వివరంగా చెప్పింది. తను వేసే ముడి చుట్టూ సరిపోయేలా తొమ్మిది గళ్లు. ఒక్కోటీ అగ్గిపెట్టె వెడల్పు. మూలల్లో ఉండే కన్నాల్లోంచి పిన్నులు దిగేస్తుందట. అన్నీ సమానంగా ఉండాలి, తేడా వస్తే పట్టీ ముడి దగ్గర లాగేస్తుంది.

“ఇంకో మాట. నాకు అబద్ధం చెబితే ఊరుకోను. ఒకాయన చేతిపనని చెప్పి అమ్మిన క్లిప్పు అక్క తలలోనే విరిగింది.”

“మా దగ్గర అలాంటివి ఉండవండీ,” అన్నాను, తేలుకుట్టిన దొంగలా.

సోమవారం నుంచి రోజూ రెండున్నరకి వచ్చేది. పార్లర్‌లో అది ఖాళీ సమయమట. కౌంటరు ముందున్న స్టూలు లాక్కుని కూర్చుని, ఎన్ని అయ్యాయని అడిగేది. నాకేమో గడువు దగ్గరపడుతోంది. పొద్దున్న ఒకటి అల్లినా చాలదు. అందుకని తను కబుర్లు చెబుతుంటే నేను కౌంటరు కింద అల్లుతూనే ఉండేవాణ్ణి. ఇన్నేళ్ల అలవాటు, చేతులకి కళ్లతో పనిలేదు.

“మీ చేతులెప్పుడూ కౌంటరు కిందే ఉంటాయేం?”

“చలి.”

“ఫ్యాను తిరుగుతోంది.”

“అందుకే చలి.”

నవ్వు ఆపుకుంటూ ఓరగా చూసేది. పార్లర్ కబుర్లన్నీ నాకు వచ్చి చేరేవి. ఒకావిడ పదేళ్లు చిన్నగా కనిపించేలా కత్తిరించమందట. ‘దానికి కత్తెర చాలదండీ, మొహమాటం ఉన్న అద్దం కావాలి,’ అని ఈవిడ జవాబట.

“మీ అత్తయ్యగారిని పెళ్లికి తీసుకురండి,” అంది మంగళవారం.

“ఆవిడ రాలేరండీ. మోకాళ్ల నొప్పులు.”

బుధవారం నూనె సీసా తెచ్చింది. “పార్లర్‌లో మేమే కాస్తాం. అత్తయ్యగారిని రెండు పూటలా రాసుకోమనండి.”

ఆ సీసా పుచ్చుకుంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. చెబితే మర్నాడు ఆ స్టూలు ఖాళీగా ఉంటుందని తట్టింది. నోరు మూసుకుని, సీసాని అరలో వెనక్కి తోశాను.

శుక్రవారానికి తొమ్మిదీ పూర్తయ్యాయి. కలిపి కుట్టడమే మిగిలింది. కత్తెర వచ్చి కౌంటరు మీద గళ్లన్నీ పరిచింది. ఒకదాని మీద ఒకటి పెట్టి, తీసి, రెండు వరసలు చేసింది.

“ఇవి అయిదు. ఇవి నాలుగు,” అంది. “ఈ నాలుగూ మిగతావాటి కంటే బియ్యపు గింజంత మేర చిన్నవి.”

చూశాను. నిజమే. దారం మందం వేలితో తడిమి చెప్పేవాణ్ణి, ఇది ఎలా పట్టుకోలేకపోయానో అర్థం కాలేదు.

“ఇది ఒక చెయ్యి కాదు. రోజుకి పది జడలు వేస్తాను, ఎవరి చెయ్యి బిగువో ఎవరిది వదులో నాకు తెలీదా? ఈ నాలుగూ ఎవరి చేత చేయించారు?”

“ఎవరి చేతా కాదు. తొమ్మిదీ ఒకరివే.”

“అయితే పదండి, అత్తయ్యగారినే అడుగుదాం.”

ఇంతలో మేడ మీంచి నాన్న దిగాడు. నాలుగు రోజులుగా లేని హుషారు మొహంలో ఉంది, చేతిలో నూనె సీసా ఉంది.

“ఒరేయ్, ఈ నూనె ఎక్కడిదిరా? మోకాళ్లకి భలే పట్టింది.”

కత్తెర సీసా వైపు చూసింది. “అది అత్తయ్యగారికి ఇచ్చింది కదా. బాబాయ్‌గారూ, మీ చెల్లెలుగారు ఎక్కడుంటారు?”

“నాకు చెల్లెలెక్కడిదమ్మా? మా అమ్మకి నేనొక్కణ్ణే.”

“మరి మోకాళ్ల నొప్పులు ఎవరికండీ?”

“నాకే,” అన్నాడు నాన్న సంతోషంగా.

ఆ అమ్మాయి అరవలేదు. అరిచినా బాగుండేది. గళ్లన్నీ పోగుచేసి నా వైపు జరిపింది. “ఇవి మీ దగ్గరే ఉంచుకోండి. అక్కకి ఏదో ఒకటి చేసుకుంటాను,” అని వానలోనే రోడ్డు దాటింది. గొడుగు నా దగ్గరే ఉండిపోయింది.

నేను ఆ చిన్న గళ్లని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నాను. ఒకటి అద్దం మాటకి నవ్విన రోజుది. ఒకటి పెళ్లికి పిలిచిన రోజుది. ఒకటి నూనె సీసా రోజుది. నాలుగోది నిన్నటిది. నాలుగూ రెండున్నర తర్వాత అల్లినవే. పొద్దున పూట అల్లిన అయిదూ సరిగ్గానే ఉన్నాయి. లెక్క తేలిపోయింది. మనుషుల్ని గుమ్మంలోనే అంచనా కడతానని గొప్పలు పోయేవాణ్ణి, నన్ను నేను అంచనా కట్టుకోవడానికి వారం పట్టింది.

“ఏమిట్రా ఇదంతా?” అన్నాడు నాన్న.

“నేనే అల్లాను నాన్నా. మూడేళ్ల నుంచీ నేనే.”

నాన్న ఒక గడి తీసుకుని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. “మూల దగ్గర మీ అమ్మ ఇలాగే తిప్పేది,” అన్నాడు. తర్వాత నా మొహం చూశాడు. “దీనికి ధర చెప్పావా?”

“లేదు.”

“చెప్పలేవు. వెళ్లు, దుకాణం నేను చూసుకుంటాను.”

దారం, కొక్కెం ఉన్న క్రోషే సూది, నాలుగు గళ్లు, గొడుగు పట్టుకుని పార్లర్‌కి వెళ్లాను. ఖాళీగా ఉన్న కుర్చీలో అద్దం ముందు కూర్చున్నాను. పార్లర్ నడిపే పెద్దావిడ అలవాటుగా నా భుజాల మీద తువ్వాలు కప్పింది.

“కటింగా బాబూ?”

“కాదండీ, అల్లిక,” అని సూది కొక్కేనికి దారం తగిలించాను.

పార్లర్‌లో ఉన్న నలుగురు ఆడవాళ్లూ నా వైపు తిరిగారు. లోపలి గదిలోంచి కత్తెర వచ్చి నిలబడిపోయింది.

“ఏం చేస్తున్నారు?”

“మా మేనత్తని పరిచయం చేస్తున్నాను.”

తను ఒకావిడ జుట్టు దువ్వుతూ అద్దంలోంచి నా వేళ్లనే చూసింది. ముందు రింగు, దాని చుట్టూ రేకులు, వాటి వెనక గడి అంచు. చెవులు ఎర్రబడుతున్నాయని నాకే తెలుస్తోంది. అయినా చేతులు దాచుకోలేదు. అరగంటలో గడి పూర్తయింది. దారం తెంపబోతే తనే కత్తెర అందించింది. గడి తీసుకుని చిన్నవాటిలో ఒకదాని మీద పెట్టింది. నాలుగు మూలలూ కలిశాయి.

“ఇదీ చిన్నదే వచ్చింది,” అంది.

“వస్తుంది. పొద్దున నేనొక్కణ్ణే ఉంటాను, అప్పుడు సరిగ్గా వస్తుంది. మీరొచ్చి స్టూలు మీద కూర్చున్నాక కౌంటరు కింద అల్లినవి ఆ నాలుగూ. మీరు ఎదురుగా ఉంటే నా చెయ్యి బిగుసుకుపోతోందండీ.”

పెద్ద డ్రయ్యర్ టోపీ కింద కూర్చున్న ఆవిడకి మా మాటలు వినపడటం లేదు. “ఏమంటున్నాడు?” అని గట్టిగా అడిగింది.

“చెయ్యి బిగుసుకుపోతోందిట,” అని పార్లర్ పెద్దావిడ అంతకంటే గట్టిగా చెప్పింది.

“నూనె రాయమను.”

అప్పుడు నవ్వింది కత్తెర. ఆపుకోలేక దువ్వెన నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

“అబద్ధం చెప్పినందుకు కోపం ఇంకా ఉంది,” అంది తేరుకుని.

“ఉండనివ్వండి.”

“చేతులు కింద పెట్టుకుని ఎవరో అమ్మాయికి మెసేజ్‌లు పెడుతున్నారనుకున్నాను. ఇవాళ ఈ నాలుగూ చూసి, ఆ అమ్మాయే అల్లిందనుకున్నాను.” పెద్దగా ఊపిరి వదిలింది. “అమ్మయ్య. అంతా మీరేనన్నమాట.”

“అంతా నేనే.”

కాసేపు గళ్లు సర్దింది. “సరే, పని చూద్దాం. చిన్నవి ఇప్పుడు అయిదు. ఇంకో నాలుగు కావాలి. అన్నీ ఒకే కొలతకి రావాలంటే...” ఒక స్టూలు లాగి నా పక్కన వేసుకుంది. “నేను ఇక్కడే కూర్చోవాలి.”

శనివారం మధ్యాహ్నానికి ఎనిమిది అయ్యాయి. బయట వాన తగ్గి, పార్లర్ ఖాళీ అయింది. తొమ్మిదోది మొదలుపెట్టే ముందు సూది ఒళ్లో పెట్టుకున్నాను.

“నేను వ్యాపారినండీ, చుట్టూ తిప్పి చెప్పడం రాదు. మీరు రోజూ రెండున్నరకి వచ్చి మూడింటికి వెళ్లిపోవడం నాకు గిట్టుబాటు కావడం లేదు. ఉండిపోతారా?”

“ముందు అల్లండి. రేపే పెళ్లి.”

“జవాబు తెలీకుండా చెయ్యి కదలదు.”

తను పిన్నుల డబ్బా మూత తీసింది, పెట్టింది. “సరే,” అంది.

“అల్లడానికా, ఉండిపోవడానికా?”

“రెండింటికీ.”

అల్లాను. ఏం అల్లానో ఎలా అల్లానో గుర్తులేదు. పూర్తయ్యాక తను మిగతావాటి పక్కన పెట్టి చూసి, తలెత్తింది.

“ఇది పెద్దదొచ్చింది. మీరు పొద్దున అల్లేవాటి కంటే కూడా పెద్దది.”

“మీరు సరే అన్నాక అల్లింది మరి.”

విప్పేసి మళ్లీ అల్లుదామని కొస పట్టుకున్నాను. తను నా చెయ్యి పట్టుకుని ఆపింది. “విప్పకండి. మెడ వైపు, ముడి కిందకి వచ్చేలా పెడతాను. ఎవరికీ కనిపించదు.”

ఆదివారం పెళ్లిలో వాళ్లక్క ఒక్కసారి కూడా తుమ్మలేదు. ఫొటోగ్రాఫరు అడగకుండానే కళ్లు పెద్దవి చేసి నవ్వింది. ముడి చుట్టూ తొమ్మిది పువ్వులు అంగుళం కూడా జరగలేదు.

కత్తెర మా నాన్నకి ఎదురొచ్చి, “రండి మావయ్యగారూ, ఇలా కూర్చోండి,” అంది.

“మొన్న బాబాయ్ అన్నట్టు గుర్తు,” అన్నాడు నాన్న.

“మొన్నటి లెక్క వేరండీ,” అని తను తల వంచుకుంది. నాన్న నా వైపు చూసి, మీసం చాటున నవ్వి, కూర్చున్నాడు.

ఇంతలో వాళ్లమ్మగారు వచ్చారు. “ఎంత బాగా అల్లావు బాబూ. మొహమాటపడకుండా చెప్పు, ఎంతివ్వమంటావు?”

పదేళ్లుగా రోజూ ధరలు చెబుతున్న నోరు. పెగల్లేదు.

“వాడు చెప్పలేడమ్మా,” అన్నాడు నాన్న. “పెళ్లి హడావిడి తగ్గాక మీరంతా ఒకసారి మా ఇంటికి రండి. మిగతావి అప్పుడు మాట్లాడుకుందాం.”

ఆవిడ నన్ను చూశారు, కూతుర్ని చూశారు. “అలాగే అన్నయ్యగారూ, తప్పకుండా వస్తాం,” అన్నారు.

నేను పెళ్లికూతురి ముడి కింది వైపు చూశాను. తొమ్మిదో గడి మిగతావాటిలా బిగిసి లేదు. మెడ మీద కాస్త వదులుగా, హాయిగా వాలి ఉంది.