పిజ్జాలో దొరికిన పన్ను

"మా పిజ్జాలో మనిషి పన్ను దొరికిందండీ!"

డిటెక్టివ్ ఆఫీసులో ఆ మాట అంటూనే హోటల్ యజమానురాలు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. అసిస్టెంట్ తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు.

ఆమె చేసేది రోమ్ పద్ధతి పిజ్జా. కాగితమంత పల్చగా, కరకరలాడుతూ ఉంటుంది. అక్కడ టేబుల్ కావాలంటే రెండు నెలల ముందే చెప్పుకోవాలి. ఆ మధ్యాహ్నం ఆమె భర్త అన్నగారు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. రెండో ముక్క కొరికి, నోట్లోంచి పన్ను తీసి చూపిస్తూ హాలంతా దద్దరిల్లేలా అరిచాడు. జనం ఎక్కడివాళ్ళక్కడ ఉమ్మేసి లేచిపోయారు.

"ఆరోగ్యశాఖ అధికారి వచ్చి కూర్చున్నాడండీ. తాళం వేసేస్తాడట."

"పదండి," అన్నాడు డిటెక్టివ్.

హోటల్లో టేబుల్ ఎలా ఉన్నదో అలాగే ఉంది. డిటెక్టివ్ పన్నును పట్టకారుతో ఎత్తాడు. తెల్లటి దవడపన్ను. వేరుకు ఎండి పొడిబారిన నెత్తురు. చుట్టూ నమిలి ఉమ్మిన ముద్దలు. అసిస్టెంట్ మొహం తిప్పుకున్నాడు. డిటెక్టివ్ మాత్రం ఆమె మామగారి పళ్ళెంకేసి చూస్తున్నాడు. అందులో పిజ్జా అంచులన్నీ కొరకకుండా మిగిలాయి.

అందరినీ అక్కడే కూర్చోబెట్టాడు.

"పిజ్జా అడుగు మాడింది, పన్ను మాడలేదు. కాబట్టి ఇది పొయ్యిలోకి వెళ్ళలేదు. దీని మీద సాస్ మరక కూడా లేదు, ఎండిన నెత్తురు తడవనూ లేదు. కాబట్టి పిజ్జాలోనూ లేదు, ఈ పెద్దకొడుకు నోట్లోనూ లేదు. జేబులోంచి వచ్చింది. పెద్దాయనా, మీరు అంచులు తినలేదేం?"

"ఎలా తినను బాబూ? పన్ను పీకించుకుని మూడ్రోజులే అయింది. పెద్దోడే తీసుకెళ్ళి..." ఆయన మాట ఆగిపోయింది. "ఒరేయ్, అది నాదా?"

పెద్దకొడుకు తల వంచలేదు. "ఇంటికి పెద్దవాణ్ణి. టేబుల్ అడిగితే మరదలు అందరిలాగే ఆగమంది. స్నేహితుల ముందు నా పరువేం కాను?"

"అందుకని నా నోట్లోంచి ఊడింది తెచ్చి కోడలి నోటి దగ్గర కూడు చెడగొడతావా? ఛీ! లేవరా నా పక్కనుంచి!"

అధికారి తాను రాసిన మూసివేత కాగితం చించేశాడు. కోడలు మామగారికి మంచినీళ్ళిచ్చింది.

డిటెక్టివ్ కుళాయి దగ్గర మూడోసారి సబ్బు రుద్దుకుంటున్నాడు.

"పన్నును మీరు చేత్తో ముట్టుకోలేదు కదా సార్?" అన్నాడు అసిస్టెంట్.

"పన్ను కాదోయ్. రాగానే ఆ పెద్దకొడుకుతో చెయ్యి కలిపాను."