ప్రార్థన గొలుసు

మంగళవారం పొద్దున్న ఆరున్నరకి షానా పొయ్యి దగ్గర నిలబడి గ్రేవీ కలుపుతోంది. వెనక్కి తిరక్కుండానే, "డోయల్, కూర్చో. నీతో ఒక మాట చెప్పాలి" అంది.

డోయల్ అప్పటికే బూట్లు వేసుకున్నాడు. పత్తి దిగే రోజులు. జిన్నింగ్ మిల్లు రెండు షిఫ్టులూ నడుస్తోంది. "సాయంత్రం చెప్పకూడదూ? ఆ ముసలి మేనేజరు గేటు దగ్గర నా కోసమే నిలబడి ఉంటాడు."

"నిలబడనీ. కాళ్లు నొప్పెడితే ఆయనే కూర్చుంటాడు."

డోయల్ నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఆమె చెప్పేసింది. కడుపుతో ఉంది, పదో వారం. బిడ్డ పాత కాన్పు ఆపరేషన్ కోత మీదే నాటుకుంది. కడుపు పెరిగేకొద్దీ ఆ కోత చీలిపోవచ్చనీ, అప్పుడు నెత్తురు ఆపడం ఎవరి తరమూ కాదనీ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించింది. ఈ టెక్సాస్‌లో గర్భం తీయడాన్ని నిషేధించిన చట్టానికి భయపడి తను చెయ్యి పెట్టలేననీ, అది నేరం కాని పక్క రాష్ట్రం న్యూమెక్సికో వెళ్లిపొమ్మనీ గొంతు తగ్గించి చెప్పింది. శుక్రవారం పదకొండింటికి వస్తానని షానా అక్కడి ఆసుపత్రిలో పేరు రాయించుకుంది.

"డాక్టర్లు పొరపాటు పడరా ఏంటి?" అన్నాడు డోయల్. "ఈసారి మగపిల్లాడేమో, షానా."

"కావచ్చు." ఆమె పొయ్యి ఆపేసింది. "నీ దగ్గర్నుంచి రెండే అడుగుతున్నాను. ఎవరికీ చెప్పకు. శుక్రవారం నా పక్కన ఉండు."

అతను తల ఊపాడు. తల ఊపడానికేం, ఎవడైనా ఊపుతాడు.

మిల్లు దగ్గర ట్రక్కు ఆపాడు గానీ దిగలేకపోయాడు.  మా మగవాళ్లకి భయం వేస్తే దాన్ని భయం అనం, బాధ్యత అంటాం. డోయల్ చర్చిలో డీకన్. ఆదివారాలు చందా పళ్లెం తిప్పే మనిషి. భార్య మనసు మార్చడం తన బాధ్యత అనుకున్నాడు. వెంటనే సిస్టర్ వెల్డాకి ఫోన్ చేశాడు.

మా చర్చిలో ప్రార్థన గొలుసు అని ఒకటుంది. ఇరవై రెండు పేర్ల కాగితం అందరి ఫ్రిజ్‌ల మీదా అంటించి ఉంటుంది. ఎవరికి కష్టం వచ్చినా మొదటి పేరుకి చెబితే చాలు, ఆమె రెండో పేరుకి, రెండో ఆమె మూడో పేరుకి. ఆఖరి మనిషి మళ్లీ మొదటి ఆమెకి ఫోన్ చేసి అందింది అని చెప్పాలి. మొదటి పేరు డెబ్బై ఆరేళ్ల వెల్డాది. "నా భార్య మనసు మారాలని ప్రార్థించండి" అన్నాడు డోయల్. ఎందుకు మారాలో వెల్డా అడిగింది. అన్నీ చెప్పాడు. శుక్రవారం, పదకొండు గంటలు, అన్నీ. ఫోన్ పెట్టేశాక గుండె తేలికైంది. ఆ తేలికే దేవుడి జవాబు అనుకుని పనిలోకి వెళ్లాడు.

బుధవారం మధ్యాహ్నానికి ఇంటికి గాజు ట్రేలు రావడం మొదలైంది. కష్టం వచ్చిన ఇంటికి కోడిమాంసమూ నూడుల్సూ కలిపి కాల్చిన ట్రే తీసుకురావడం మా ఆడవాళ్ల అలవాటు. తిరిగి ఇవ్వడానికి వీలుగా అడుగున టేపు మీద పేరు రాసి అంటిస్తారు. సాయంత్రం డోయల్ వచ్చేసరికి వంటింటి బల్ల మీద తొమ్మిది ట్రేలు బోర్లించి ఉన్నాయి. లోపలిదంతా చెత్తబుట్టలో ఉంది. కూతురు బ్రిన్ బడి సంచీ భుజాన్నే పెట్టుకుని గోడకి ఆనుకుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"చదువు" అంది షానా.

"షానా, నేను..."

"చదవమన్నాను. గట్టిగా."

అతను టేపుల మీది పేర్లు చదివాడు. నాలుగో పేరు దగ్గర ఆగిపోయాడు. ఆమె బ్రిన్ బడిలో అన్నం వడ్డించే మనిషి.

"ఆవిడ నా పళ్లెంలో వడ్డిస్తూ, 'మీ అమ్మ కోసం ఏడుస్తున్నానమ్మా' అంది నాన్నా" అంది బ్రిన్. "లైన్లో నా వెనక అందరూ విన్నారు. నువ్వు ఫోన్ చేసింది దేవుడికా, వెల్డా గారికా?"

"మీ అమ్మ బాగు కోసమే చేశాను!"

"నా బాగు నీకెప్పుడు తెలుసు?" షానా గొంతు లేవలేదు. లేస్తే బాగుండేది. "బ్రిన్ పుట్టిన రోజు గుర్తుందా? నా కడుపు కోసి ఉంది. ఇక పిల్లలు పుట్టకుండా చెయ్యమని నేను ముందే అడిగి ఉన్నాను. ఆ డాక్టరు నన్ను అడగలేదు, తలుపు తీసి నిన్ను అడిగాడు. నువ్వేమన్నావు?"

డోయల్ ట్రే మీద ఊడొస్తున్న టేపుని బొటనవేలితో అదిమాడు.

"'ఒక మగపిల్లాడు పుట్టాక చూద్దాం లెండి' అన్నావు. నాకు మెలకువగానే ఉంది. అందరూ నా గురించే మాట్లాడుకున్నారు, నేను తప్ప." ఆమె బల్ల అంచు పట్టుకుంది. "నాకు ఆశ లేదనుకున్నావా? స్కానింగ్‌లో ఆ చిన్న గుండె కొట్టుకోవడం చూసింది నేను. నువ్వు కాదు. అయినా ఈ పిల్లకి తల్లి ఉండాలని నిర్ణయించుకున్నాను. నిన్ను సలహా అడగలేదు డోయల్. తోడు అడిగాను."

గురువారం నాలుగింటికి వెల్డా స్వయంగా వచ్చింది. కర్ర తలుపుకి ఆనించి, సోఫా అంచున కూర్చుంది. "షానా, తల్లీ, రేపు తెల్లవారగానే మేమందరం మీ వాకిట్లో చేతులు పట్టుకుని నిలబడతాం. నువ్వు కారు తియ్యకుండా ప్రేమతోనే ఆపుతాం."

"ప్రేమతో దారి కాస్తారన్నమాట."

"డోయల్, నాయనా, నువ్వే చెప్పు. ఇంటి పెద్దవి."

గదిలో వెల్డా, షానా, బ్రిన్ ముగ్గురూ అతని నోటి వంకే చూశారు. అంతవరకు ఆ నోరే ఇంటి తలుపులా తెరుచుకుని ఊరంతటినీ లోపలికి రానిచ్చింది.

"నేను చెప్పేదేం లేదు సిస్టర్" అన్నాడు. "చెప్పిందే ఎక్కువైంది."

షానా లేచి గోడకున్న తాళాలు తీసుకుంది. "రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే వెళ్తున్నాను. బ్రిన్, సంచీ సర్దుకో."

డోయల్ వెనకే వాకిట్లోకి వచ్చాడు. గాలికి దుమ్ము లేస్తోంది. "నేను నడుపుతాను. ఐదు గంటల దారి. నువ్వు నడపకూడదు."

 ఆమె తాళాలు అతని చేతిలో వేసింది. "నోరు మూసుకుని నడపగలిగితే నడుపు."

నడిపాడు. ఐదు గంటలూ ఒక్క మాట అనలేదు.

శుక్రవారం ఆసుపత్రిలో అతనూ బ్రిన్ బయట కూర్చున్నారు. బ్రిన్ తండ్రికీ తనకీ మధ్య ఒక కుర్చీ ఖాళీ వదిలింది. పన్నెండున్నరకి నర్సు వచ్చింది.

"షానా భర్త మీరేనా? అంతా సవ్యంగా జరిగింది. లోపలికి రావచ్చు."

డోయల్ లేచాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. "ఆమె రమ్మందా?"

"ఆమె ఏమీ అనలేదు. మీరు భర్తే కదా."

"ఒకసారి ఆమెని అడగండి."

నర్సు లోపలికి వెళ్లి వచ్చింది. "ముందు పాపని రమ్మంటోంది. మిమ్మల్ని ఆగమంది."

"సరే."

బ్రిన్ లోపలికి వెళ్లింది. డోయల్ కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. తను భార్య మనసు మారాలని ఇరవై రెండు మందితో ప్రార్థన చేయించాడు గానీ, ఆమె ప్రాణంతో తిరిగి రావాలని ఒక్కరినీ అడగలేదు. తనూ అడగలేదు. ఆ సంగతి అప్పుడు తట్టింది. నలభై ఆరేళ్ల మగవాడు అంతమంది ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎదురుగా కూర్చున్న ఒక ముసలాయన చూపు తిప్పుకున్నాడు.

గంట తర్వాత బ్రిన్ తలుపు దగ్గర నిలబడింది. "అమ్మ రమ్మంటోంది."

షానా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అతను వచ్చిన అలికిడికి ఇటు తిరగలేదు. మంచం మీద కాస్త జరిగింది, ఒక మనిషి ఒరిగి కూర్చోగలిగినంత. డోయల్ అక్కడ కూర్చున్నాడు. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే దానికీ ఆమే జవాబు చెప్పాల్సి వస్తుందని మింగేశాడు.

ఆమె భుజాలు కదిలాయి. ఏడుపు మొదట సన్నగా, తర్వాత ఆగకుండా వచ్చింది. "బిడ్డ చాలా చిన్నదిగా ఉంది డోయల్" అంది గోడతో.

 ఆమె చెయ్యి వెనక్కి వచ్చి దుప్పటి మీద వెతుక్కుంటుంటే, అతను దాని పక్కన తన చెయ్యి పెట్టి, ఆమె పట్టుకునేదాకా ఆగాడు.