తూనీగ సీసాలో ఏముంది?

మొదటి గుటకకే తూనీగ మొహం చిట్లించింది. నీళ్లు ఉప్పగా ఉన్నాయి. ఉప్పగానే కాదు, కాస్త తియ్యగా కూడా.

బడి మైదానం చుట్టూ సైకిలు తొక్కి వచ్చి, అక్కాచెల్లెళ్లిద్దరూ గోడ నీడలో నిలబడి ఉన్నారు. అక్క తన సీసా ఎత్తి గటగటా తాగుతోంది.

"అక్కా, నీ నీళ్లెలా ఉన్నాయి?"

"నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. తాగవే, చూస్తావేంటి!"

తూనీగ తాగలేదు. అక్క అటు తిరగగానే సీసాను గోడవారగా వంచేసింది.

సైకిలెక్కితే నేల మీద ఆగదు కాబట్టి ఇంట్లో అందరూ తూనీగ అనే పిలుస్తారు. తూనీగకు పదేళ్లు, అక్కకు పన్నెండు. బడి సైకిలు జట్టులో ఒక్క చోటే మిగిలింది. శనివారం పోటీలో ముందొచ్చినవాళ్లదే అది. అక్కకూ కావాలి, చెల్లికీ కావాలి. అనుమానం మొలవడానికి అంతకన్నా ఏం కావాలి?

మర్నాడు పొద్దున్నే తూనీగ వంటగది తలుపు సందులోంచి తొంగి చూసింది. అక్క అటూ ఇటూ చూసింది. చెల్లెలి సీసా మూత తీసింది. ఒక డబ్బాలోంచి చిటికెడు, ఇంకో డబ్బాలోంచి చెంచాడు వేసి, బాగా గిలక్కొట్టింది. తన సీసాలో మాత్రం ఏమీ వేసుకోలేదు!

'దొరికావు దొంగా!' అనుకుంది తూనీగ.

ఆ రోజు నుంచి అక్క ప్రతి మాటలోనూ ఏదో మెలిక కనిపించింది.

"నల్ల టీషర్టు వద్దే, ఎండను పీల్చేస్తుంది. వదులుగా ఉన్న తెల్ల చొక్కా వేసుకో" అంటే, అది గాలికి ఉబ్బి వేగం తగ్గాలనే కదా! "మెడకు తడిగుడ్డ చుట్టుకో" అంటే, బరువు పెరగాలనే కదా! "పావుగంటకోసారి నీడలో ఆగు" అంటే, ఆగడం అలవాటైపోవాలనే కదా!

శనివారం వచ్చింది. పొద్దున్న ఎనిమిదింటికే ఎండ చుర్రుమంటోంది. తూనీగ నల్ల టీషర్టే వేసుకుంది. సీసాలోని నీళ్లు దొడ్లో పారబోసింది. మళ్లీ నింపుదామంటే అక్క చూస్తుందేమో! ఖాళీ సీసాతోనే బయల్దేరింది.

"మైదానం చుట్టూ ఆరు రౌండ్లు," అన్నారు ఆటల మాస్టారు. "మూడు కాగానే అందరూ నీడలో ఆగి నీళ్లు తాగాలి. ఆ సమయం లెక్కలోకి రాదు. ఇంకెక్కడైనా ఆగారో, పేరు కొట్టేస్తాను."

మూడు రౌండ్లూ తూనీగే ముందు. నీడలో అందరితో పాటు ఖాళీ సీసా ఎత్తి, తాగినట్టు గొంతు ఆడించింది. నాలుక పిడచకట్టుకుపోయింది. 'ఇంకో మూడే కదా' అనుకుంది.

అయిదో రౌండులో తల దిమ్మెక్కింది. ఎదురుగా ఉన్న గోడ అలలా ఊగింది. వెనక నుంచి అక్క కేక వినిపించింది.

"తూనీగా, ఆపు! సైకిలు వంకర పోతోంది, ఆపవే!"

'ఆపితే నువ్వు దూసుకుపోదామనా!' తూనీగ ఇంకా గట్టిగా తొక్కింది. తొక్కాననుకుంది. కాళ్లు కదిలితేగా! సైకిలు ఒరిగింది, తూనీగా ఒరిగింది.

అక్క తన సైకిలును దారిలోనే పడేసి పరుగెత్తుకొచ్చింది. మాస్టారూ వచ్చారు. ఇద్దరూ కలిసి తూనీగను నీడలోకి చేర్చారు. అక్క చెల్లెలి హెల్మెట్ విప్పింది. తన మెడలోని తడిగుడ్డ తీసి చెల్లెలి నుదుట అద్దింది. తన సీసా నోటికి అందించింది.

"ఒక్కసారే వద్దు. కొంచెం కొంచెంగా తాగు."

కాసేపటికి తూనీగ చూపు కుదుటపడింది. మాస్టారు నాడి చూసి, ఫరవాలేదని చెప్పి, ముగింపు గీత దగ్గరికి వెళ్లారు. అక్క చెల్లెలి సీసా చేతిలోకి తీసుకుంది.

"ఇది ఖాళీగా ఉందేంటే?"

"పారబోశాను. నువ్వు అందులో ఏదో కలుపుతున్నావుగా. నేను చూశాను."

అక్క ఆ సీసాతోనే తన నుదురు కొట్టుకుంది. "ఉప్పూ పంచదారానే, పిచ్చిమొహమా! నీకు చెమట ధారగా కారిపోతుంది. పోయిన వారం పిక్కలు పట్టేసి ఏడ్చావా లేదా? మాస్టారే కలపమన్నారు."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే తాగుతావా? 'నేనేమైనా రోగినా' అని ఇల్లు పీకి పందిరేస్తావు!"

అక్క అన్నది నిజమే.

చివరి సైకిలు కూడా గీత దాటింది. మాస్టారు కాగితం, కలం పట్టుకుని వచ్చారు. "ఇద్దరూ మధ్యలో ఆగారు. రూలు రూలే కదమ్మా."

అక్క తల దించుకుంది. తూనీగ గోడ పట్టుకుని లేచింది.

"సార్, నేను నీళ్లు తాగలేదు, తాగినట్టు నటించాను. అక్కను నమ్మక పారబోశాను. అక్క ఆగింది నా కోసమే. ఈ ఒక్క పేరు కొట్టేయండి."

తూనీగ వేలు కాగితం మీద తన పేరు దగ్గర ఆగింది.

మాస్టారు ఆ వేలిని చూశారు, ఆ మొహాన్ని చూశారు. ఒక్క పేరే కొట్టేశారు. "మీ అక్కకూ, ఇవాళ ముందొచ్చిన అబ్బాయికీ సోమవారం మళ్లీ పోటీ పెడతాను. ఆరింటికి, ఎండ ఎక్కకముందే."

"కూర్చోవే," అంది అక్క వెనక నుంచి. "కాళ్లింకా వణుకుతున్నాయి."

ఎందుకంటోందా అని తూనీగ ఆలోచించలేదు. కూర్చుంది.