చివరి నలభై మీటర్లు

"ఈ గీత గీసిన మహానుభావుడెవరు?"

బుల్డోజర్ దిగుతూనే అడిగింది స్వావా. మా ఐస్‌లాండ్‌లో వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. ఆ వానలో నా మ్యాపూ, నా పరువూ కలిసి తడిశాయి.

"నేనే. ఓర్రి. భూకంపాల ఆఫీసు."

"లావాకి అడ్డంగా మట్టిగోడ కట్టమన్నారు, బాగుంది. మరి మా అమ్మమ్మ ఇల్లు గోడ బయట పడిందేం? ఆవిడ అక్కడే పుట్టింది, తెలుసా?"

చూసుకుంటే తప్పు నాదే. అక్కడికక్కడే గీత మార్చాను.

ఎనిమిది రోజులు నేల వణుకుతూనే ఉంది. ఊరంతా ఖాళీ అయింది. స్వావా మట్టి తోస్తుంటే నేను కొలతలు చెప్పేవాణ్ణి.

"ఇంతకీ కింద ఏమవుతోంది?"

"నేల అడుగున రెండు పెద్ద రాతి పలకలు దూరంగా జరుగుతున్నాయి. రాయి విరిగినప్పుడల్లా నేల కంపిస్తోంది. ఆ సందులోంచి కరిగిన రాయి పైకొస్తోంది."

"వాళ్లు విడిపోతే మా ఇల్లు కాలాలా? బాగుంది న్యాయం!"

నాకు నవ్వొచ్చింది. ఆమె మీద ఇష్టం అంతకు ముందే వచ్చింది.

తొమ్మిదో రోజు పొద్దున కంపాలు ఠక్కున ఆగాయి. అందరూ చప్పట్లు కొట్టి కాఫీకి వెళ్లిపోయారు. స్వావా కూడా ఇంజన్ ఆపేసింది. నేను రొప్పుతూ పరుగెత్తాను.

"ఆపకు!"

"ఏం, నన్ను వదిలి ఉండలేవా?"

"ఉండలేను! కానీ ఇప్పుడది కాదు. కంపాలు ఆగాయంటే రాయి విరగడం అయిపోయింది. లావాకి దారి దొరికింది. గోడ ఇంకా నలభై మీటర్లు మిగిలుంది!"

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసింది. వెంటనే ఇంజన్ స్టార్ట్ చేసింది. ఆ మోత విని కాఫీకి వెళ్లినవాళ్లూ పరుగున వచ్చారు.

మధ్యాహ్నం మూడింటికి ఆఖరి మట్టి పడింది. నాలుగింటికి ఎదురుగా కొండవాలు చీలింది. ఎర్రటి లావా వచ్చి గోడకి ఆనింది. పైకి లేచింది. అప్పుడది మెల్లగా పక్కకి తిరిగి సముద్రం వైపు సాగిపోయింది.

గెలిచాం! డ్రైవర్లందరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి అరిచారు. నేనూ రొప్పు వచ్చేదాకా గంతులేశాను. స్వావా పక్క ఊళ్లో ఉన్న అమ్మమ్మకి స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, ఇల్లు నిలిచింది!"

అవతల చాలాసేపు ఏడుపు. తర్వాత, "పక్కన రొప్పుతున్నదెవరే?"

"ఓర్రి. నేనంటే ఇష్టమట."

"మరి నీకో?"

"నాకూ ఇష్టమే. ఇతనికింకా చెప్పలేదు, ముందు నీకే చెబుతున్నా."

నేను పెట్టిన కేక సముద్రం దాకా వినబడి ఉంటుంది.

"ఊరు తెరవగానే అబ్బాయిని భోజనానికి తీసుకురా," అంది అమ్మమ్మ. "గొర్రెమాంసం పులుసు చేస్తాను. నాకింకా ఇల్లుందిగా!"