ఇంక లేపకండే

మా వాళ్ళలో చనిపోయారని అనం. ప్రభువునందు నిద్రించారంటాం. నందిగామ సమాధుల తోటలో మా అమ్మ రాయి మీద కూడా అదే మాట చెక్కించాను. సూసనమ్మ, రిటైర్డ్ టీచర్, ప్రభువునందు నిద్రించెను.

ఆ మాట చూసుకుంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. చివరి రోజుల్లో అమ్మకు దక్కనిది ఆ నిద్రే మరి. జగ్గయ్యపేట బళ్ళో రిటైరయ్యేదాకా నిలబడి పాఠం చెప్పిన మనిషి, షుగరుకు తోడు కాలి పుండుతో ఆస్పత్రి మంచం పట్టింది. ఏ మందూ పనిచేయలేదు. కట్టు విప్పితే పచ్చటి చీము, బాగా మగ్గిన ద్రాక్షపళ్ళ వాసన. ఆ క్రిమి వాసనే అంతన్నారు. కాస్త కన్నంటుకుందనేసరికి ఎవరో ఒకరు సూది పట్టుకుని వచ్చి లేపేవాళ్ళు. ఆఖరిపూట నా చెయ్యి పట్టుకుని, "ఇంక లేపకండే" అంది. లేపంలే అమ్మా అని మాటిచ్చాను.

నా కూతురు జెరూషా హైదరాబాదులో ఒక ల్యాబులో పనిచేస్తుంది. మందులకు లొంగని క్రిముల మీద పరిశోధన. అమ్మ పుండులోని క్రిమిని డాక్టర్లనడిగి తీసుకెళతానంటే నలుగురికీ ఉపయోగమే కదా అని నేనూ సరేనన్నాను. క్రిములను తినే వైరసులు ఉంటాయట. అవి క్రిమిలో దూరి, లోపలే పెరిగి, ఒక ఎంజైముతో దాని గోడ పగలగొట్టుకుని బయటికొస్తాయట. ఆ ఎంజైముకు ఇంకో ముక్క అతికించి, బయటినుంచే గోడ పగిలేలా తయారుచేస్తున్నామని చెప్పింది.

అమ్మ క్రిమికి ల్యాబులో 'అమ్మమ్మ' అని పేరుపెట్టుకున్నారు. గడ్డకట్టే చలిలో పెడితే ఎన్నేళ్ళయినా నిద్రపోతుందట. కావాల్సినప్పుడు వెచ్చటి పెట్టెలో పెట్టి లేపుతారట.

"అమ్మమ్మ మొండిదమ్మా, దేనికీ చావట్లా" అని ఫోనులో నవ్వేది జెరూషా. ముద్దుగానే అనేది. నాకే ఆ మాట మింగుడుపడేది కాదు.

ఇంతలో నా తమ్ముడు దేవరాజ్ కీసర దగ్గర బండి మీదనుంచి పడ్డాడు. అమ్మను చేర్చిన ఆస్పత్రిలోనే కాలికి రాడ్డు వేశారు. కట్టు మార్చేరోజు, నర్సు నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. ద్రాక్షపళ్ళ వాసన.

అదే క్రిమి. జెరూషా ఎంజైము దాన్ని చంపగలిగితే తమ్ముడికి వాడటానికి ప్రత్యేకంగా అనుమతి అడుగుతామన్నారు డాక్టర్లు. ఇక మా పిల్ల అమ్మమ్మను మళ్ళీ మళ్ళీ లేపింది. నేను వద్దనలేదు. తమ్ముడు బతకాలి.

అమ్మ పోయిన ఏడాదికి ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళారు. వచ్చినవాళ్ళూ వెళ్ళిపోయారు. పొద్దుగూకుతుంటే వాన పట్టుకుంది, కరెంటు పోయింది. వంటింట్లో టీ గ్లాసులు కడుగుతుంటే జెరూషా ఫోను చేసింది.

"అమ్మమ్మను లేపానమ్మా. ప్లేటు నిండా పరిచి, కొత్త ఎంజైము చుక్క వేసా. పొద్దున్నకి చుక్క పడినచోట గుండ్రంగా ఖాళీ అయితే మనం గెలిచినట్టే."

ఫోను పెట్టేశాను. తడిసిన మట్టి వాసనలో ఇంకేదో కలిసింది. తియ్యగా... మగ్గినట్టుగా...

అమ్మ గదిలో నవారు మంచం కిర్రుమంది.

ఎవరో దిగారు. ఒక అడుగు పడింది... రెండో కాలు నేల మీద ఈడ్చుకొచ్చింది. మళ్ళీ అడుగు... మళ్ళీ ఈడుపు. ఆ నడక నాకు తెలుసు. చేతిలో గ్లాసు చల్లగా జారుతోంది.

అడుగులు వంటింటి గుమ్మం దగ్గర ఆగాయి.

"కృపా... మళ్ళీ లేపారేమే."

తిరిగి చూడలేదు. "తమ్ముడి కోసమమ్మా. వాడు బతకాలిగా" అన్నాను.

వాన చప్పుడు ఆగిపోయింది...

"వాణ్ణి పడుకోబెట్టే వచ్చా."

కరెంటు వచ్చింది. గుమ్మంలో ఎవరూ లేరు. ఫోను మోగింది. ఆస్పత్రినుంచి మా మరదలు మహిమ.

"ఇప్పుడే వదినా" అంది. "నిద్రలోనే."

పొద్దున్నే జెరూషా ఫొటో పంపింది. పచ్చటి ప్లేటు మధ్యలో గుండ్రంగా, శుభ్రంగా ఖాళీ. కింద ఒక్క మాటా రాయలేదు. గెలిచాం.

సమాధి కార్యక్రమానికి వచ్చినప్పుడు అడిగాను, అమ్మమ్మనిక పూర్తిగా చంపెయ్యమని. నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చి, కుదరదంది. ఇంకా ఎంతమందికో కావాలమ్మా అంది. నిజమే. దేవుడి ముందు నిలబెట్టి అడిగినా కాదనలేను. మేం పోయాక కూడా అమ్మను ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు.

తమ్ముడికి రాయి వెయ్యడానికి ఫ్రాన్సిస్ మేస్త్రి వచ్చాడు. అమ్మ రాయి చెక్కిందీ అతనే. సన్నగా తుంపర పడుతోంది, చలిగా ఉంది. అతను అమ్మ రాయి ముందే ఆగిపోయాడు.

"అక్కగారూ, ఇక్కడి మాట ఎవరు తీసేశారండీ?"

పేరు ఉంది. రిటైర్డ్ టీచర్ ఉంది. 'నిద్రించెను' ఉండాల్సినచోట గుండ్రంగా, నున్నగా, ఉలి ఎన్నడూ తగలనట్టు ఖాళీ.

అక్కడ చెయ్యి పెట్టి చూశాను.

రాయి వెచ్చగా ఉంది.