రంగు మారని మేత

తలుపు పూర్తిగా తెరుచుకోకముందే ఆమె లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది.

"నా కణాల్ని ఎవరో చంపేశారండీ!"

డిటెక్టివ్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన అసిస్టెంటు, స్వయానా బావమరిది, చెవులు రిక్కించాడు.

ఆమె క్యాన్సర్ పరిశోధకురాలు. ప్రతి కణంలోనూ తిన్నదాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియా అనే పొయ్యిలుంటాయి. ఆ పొయ్యి వెలగడానికి కావలసిన ఒక ప్రోటీన్ మీదే ఆమె పని. అది ఉన్న క్యాన్సర్ కణాల్ని కొన్ని ప్లేట్లలోనూ, లేనివాటిని మరికొన్నిటిలోనూ పెంచుతోంది.

"ప్రోటీన్ లేనివే చచ్చాయి. పక్కవాటికి ఏమీ కాలేదు. మా ల్యాబ్ పెద్దాయన మీదే నా అనుమానం. క్యాన్సర్‌కీ ఈ ప్రోటీన్‌కీ సంబంధం లేదని మొదట్నుంచీ ఆయన వాదన."

"మళ్ళీ పెంచుకోవచ్చుగా? ఇంత కంగారెందుకు?"

ఆమె గొంతు తగ్గింది. "మా అన్నయ్య కణితిలోనూ ఆ ప్రోటీన్ లేదండీ. ఆపరేషన్ చెయ్యాలి. మనిషి రోజురోజుకీ చిక్కిపోతున్నాడని డాక్టరు వాయిదా వేస్తున్నారు. ఎందుకు చిక్కుతున్నాడో అంతుపట్టటం లేదు."

ల్యాబ్‌లో డిటెక్టివ్ ప్లేట్లను వెలుతురుకెత్తి చూశాడు. కణాలకు పోసిన మేత అన్నిట్లోనూ గులాబీ రంగులో ఉంది.

"ఇదెప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"లేదండీ. కణాలు గ్లూకోజ్ అనే చక్కెర తినేకొద్దీ పులుపెక్కి పసుపుగా మారుతుంది."

"బతికున్నవాటిలో కూడా మారలేదే?"

ఆమె తెల్లబోయింది.

పెద్దాయనది ముక్కుమీద కోపం. "నాకు చంపాలనే ఉంటే ప్లేట్లన్నీ చెత్తబుట్టలో పారేసేవాణ్ణి!" అన్నాడు. డిటెక్టివ్ నవ్వి, మేత సీసాను పరీక్షించే పని ఆయనకే అప్పజెప్పాడు.

మేత కలిపేది పరిశోధకురాలి వదిన. ఆడబిడ్డే ఆ ఉద్యోగం ఇప్పించింది. "ఎప్పటిలాగే కలిపానండీ," అంది తలెత్తకుండా. ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చిన భర్త వరండాలో బెంచీ మీద ఉన్నాడు. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త కన్నం కనిపిస్తోంది.

"ఆకలి బాగానే వేస్తోందా?" అడిగాడు డిటెక్టివ్.

"వేయకేం! తీపి సంగతి దేవుడెరుగు, కడుపునిండా తిననివ్వదు మా ఆవిడ. డాక్టరు చెప్పాడట."

"బావా, పెద్దాయనేనా?" గుసగుసలాడాడు అసిస్టెంటు.

"ఇది కోపంతో చేసిన పని కాదురా."

మర్నాడు పొద్దున డిటెక్టివ్ అందరినీ ల్యాబ్‌లో కూర్చోబెట్టాడు.

"సీసాలో గ్లూకోజ్ లేదు," అన్నాడు పెద్దాయన. "బదులుగా గెలాక్టోజ్ అనే మరో చక్కెర ఉంది. గ్లూకోజ్ ఉంటే పొయ్యి వెలగకపోయినా కణం ఎలాగో నెట్టుకొస్తుంది. గెలాక్టోజ్‌తో అది కుదరదు. దాన్ని తింటే మేత అంతగా పులుపెక్కదు, అందుకే రంగు మారలేదు."

డిటెక్టివ్ అందుకున్నాడు. "విషమైతే రెండు రకాలూ చచ్చేవి. ఇక్కడ రెండిటికీ ఒకే మేత పెట్టి, ఏది చస్తుందో చూశారు. పగవాళ్ళు అలా చెయ్యరు. జవాబు కావలసినవాళ్ళు చేస్తారు. ప్రోటీన్ లేని కణాలకు గ్లూకోజే ప్రాణమని ఆడబిడ్డ నోట విని, మేత కలిపే ఈవిడ ఇంట్లో భర్త తిండి తగ్గించింది. ఆయన చిక్కుతుంటే భయమేసింది. చేస్తున్నది మంచో చెడో తేల్చుకోవాలని ఇక్కడ మేత మార్చింది. అవునామ్మా?"

వదిన బావురుమంది. "చచ్చాయి కదండీ! కళ్ళారా చూశాను. ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటే ఆయన ఒంట్లోవీ చస్తాయనుకున్నాను."

పెద్దాయన గొంతులో కోపం లేదు. "ప్లేటులో మనం పోసిందే ఉంటుంది తల్లీ. ఒళ్ళు అలా కాదు. తినకపోయినా కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. కణితి తన వాటా లాక్కుంటుంది. పస్తులున్నది నీ మొగుడు."

"డాక్టరు చెప్పాడన్నావు," అన్నాడు భర్త మెల్లగా. ఆమె కొంగుతో మొహం కప్పుకుంది.

"ఫిర్యాదు చేస్తారా? మీ ఇష్టం," అన్నాడు డిటెక్టివ్ పరిశోధకురాలితో.

ఆమె చచ్చిన కణాల ప్లేట్లను పక్కకు జరిపింది. తర్వాత కొక్కేనికి వేలాడుతున్న వదిన సంచీ తీసి భుజాన వేసుకుంది.

"పద వదినా, ఇంటికెళదాం. ఇవాళ వంట నాది. అన్నయ్యకి మాత్రం నువ్వే వడ్డించాలి."